బ్రేక్ ప్యాడ్‌కు మొదట ఉప్పు పరీక్ష పెట్టండి, మంత్రిగారూ

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను విశాఖపట్నంలో సొంత కారు ట్యాక్సీగా తిప్పుకుంటాను. సీజన్‌లో వారానికి మూడు నాలుగు సార్లయినా అరకు వెళ్లొస్తాను. మొన్న డిసెంబరులో ఒక కుటుంబాన్ని ఎక్కించుకుని ఘాటీ దిగుతున్నాను. అనంతగిరి దాటిన కాసేపటికి బ్రేకు నొక్కితే ముందు ఎడమ చక్రం నుంచి ఇనుము మీద ఇనుము రాసుకుంటున్న చప్పుడు వచ్చింది. బండి కుడివైపు లాగేసింది. సెకండ్ గేరుకి దించి, హ్యాండ్‌బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ ఎలాగో పక్కకు తీసి ఆపాను. వెనక సీట్లో పిల్లాడు నిద్ర కూడా లేవలేదు. నాకు మాత్రం పావుగంట దాకా చేతుల వణుకు తగ్గలేదు.

ఎస్.కోట నుంచి వచ్చిన మెకానిక్ చక్రం విప్పి ప్యాడ్ బయటికి తీశాడు. "ఇదేటి సార్, అప్పడంలా లేచిపోయింది!" అన్నాడు. ప్యాడ్ అంటే ఒక ఇనుప రేకు, దాని మీద అతికించిన లైనింగ్. బ్రేకు నొక్కినప్పుడు రాసుకుని చక్రాన్ని ఆపేది ఆ లైనింగే. లైనింగ్ సగానికి పైగా మిగిలే ఉంది. అరిగిపోలేదు, ఊడిపోయింది. దాని కింద రేకంతా పొరలు పొరలుగా తుప్పు. వేలితో గీకితే పొడి రాలింది. ఆ ప్యాడ్లు వేయించి అప్పటికి నాలుగు నెలలు.

తప్పు నాదీ ఉంది. షాపువాడు రెండు పెట్టెలు చూపించాడు. ఒకటి 2,600 రూపాయలు, రెండోది 900. "సేమ్ క్వాలిటీ అన్నా, పెట్టె ఒక్కటే తేడా" అన్నాడు. ఆఫ్ సీజన్, ఈఎంఐ నెత్తి మీద ఉంది. 900దే తీసుకున్నాను. ఆ పెట్టె మీద ఇది పరీక్షలో నెగ్గిందని చెప్పే గుర్తు ఒక్కటీ లేదు.

మా బావమరిది విడిభాగాల కంపెనీ ల్యాబ్‌లో పదేళ్లు పనిచేశాడు. ఫోటో పంపితే ఫోన్ చేసి గంటసేపు క్లాసు పీకాడు. కారు కంపెనీలు ఒక ప్యాడ్‌ను ఒప్పుకునే ముందు దాన్ని ఎంత ఏడిపిస్తాయో అప్పుడే తెలిసింది. లైనింగ్‌ను పక్క నుంచి యంత్రంతో నెట్టి, ఎంత బలానికి రేకు నుంచి ఊడుతుందో కొలుస్తారట. వేడి పరీక్ష ఇంకోటి: 45 సెకన్లకు ఒకసారి చొప్పున 15 సార్లు వేగాన్ని సగానికి దించుతూ బ్రేకు కొట్టి, కాగిన బ్రేకులో ఎంత పట్టు మిగిలిందో చూస్తారు. చల్లగా ఉన్నప్పటి పట్టులో కనీసం 60 శాతం మిగలాలి. ఘాటీ దిగడమంటే అచ్చం అదే కదా! ఇక తుప్పును ఎంత తట్టుకుంటుందో చూసే ఉప్పు పరీక్షలో 5 శాతం ఉప్పునీటిని 35 డిగ్రీల వేడిలో గంటల తరబడి, రోజుల తరబడి మంచులా చల్లుతూనే ఉంటారు.

ఇదంతా విన్నాక ఒక అనుమానం వచ్చింది. నా 900 రూపాయల ప్యాడ్ షాపులో ఉన్న రోజున ఆ నెట్టే పరీక్ష పెట్టి ఉంటే నెగ్గేదేమో! దాన్ని చంపింది మా బీచ్ గాలి. నా కారు రాత్రిళ్లు సముద్రానికి రెండు వీధుల అవతల, బయటే ఉంటుంది. రేకుకు సరైన పూత లేకపోతే తుప్పు లోపల్నుంచి ఉబ్బి లైనింగ్‌ను పైకి నెట్టేస్తుందట. కొత్త ముక్కను మాత్రమే పరీక్షిస్తే ఇది పట్టుబడదు. జపాన్ కంపెనీ తకాటా ఎయిర్‌బ్యాగుల గొడవ మీకు తెలియనిది కాదు. వాటిలోని అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికి, తేమకి పాడై, పేలినప్పుడు ఇనుప ముక్కలు మనుషుల మీదికి ఎగిరాయి. ప్రపంచం మొత్తం మీద దాదాపు 10 కోట్ల ఎయిర్‌బ్యాగులను వెనక్కి పిలవాల్సి వచ్చింది. అమెరికాలో ఫ్లోరిడా లాంటి ఉక్కపోత ప్రాంతాలనే ముందు చూసుకున్నారు.

2023 అక్టోబరు నుంచి కొత్త కార్ల భద్రతకు భారత్ ఎన్‌క్యాప్ స్టార్లు ఇస్తున్నారు. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో కారును గుద్ది చూస్తున్నారు. సంతోషం. కానీ ఆ స్టార్లు షోరూం నుంచి బయటికొచ్చిన కారువి. మూడేళ్ల తర్వాత నా చక్రంలో ఉన్నది ఏ పెట్టెలోంచి వచ్చిందో స్టార్లకేం తెలుసు?

యూరప్‌లో ఆర్90 అనే నిబంధన ఉంది. మార్చి వేసే ప్యాడ్ పనితీరు అసలు ప్యాడ్‌కు 15 శాతం అటూఇటూగా ఉండాలి. లైనింగ్‌ను ఊడదీయడానికి చదరపు సెంటీమీటరుకు కనీసం 250 న్యూటన్ల బలం పట్టాలి, అంటే సుమారు 25 కిలోల బరువు. ఆమోదం నంబరు ప్యాడ్ మీదే ఉంటుంది. మన దగ్గర హెల్మెట్‌కు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు, టైరుకు చేశారు. గుర్తు లేని బ్రేక్ ప్యాడ్ కూడా అమ్మకానికి ఉండకూడదు. ఆ గుర్తు ఇచ్చే ముందు పరీక్ష వరస మార్చండి. ముందు ఉప్పు, తర్వాత వేడి, ఆఖరున నెట్టి చూడటం. ముక్కలు కంపెనీ ఏరి పంపినవి కాకుండా మీవాళ్లే మామూలు కస్టమర్లలా షాపుల్లో కొన్నవి కావాలి. ల్యాబులకు కొదవ లేదు. పుణెలో ఏఆర్ఏఐ ఉంది, మానేసర్‌లో ఐక్యాట్ ఉంది, వాటికంటే మాకు దగ్గరగా చెన్నై పక్కన ఒరగడంలో జీఏఆర్‌సీ ఉంది.

రేటు పెరుగుతుందని షాపులవాళ్లు గోల చేస్తారు. 900ది 1,300 అయినా కొంటాం. షోరూంలోనే కొనుక్కోమని మాత్రం అనకండి, ఆ రేట్లకి ట్యాక్సీ బతకదు. మధ్యలో ఒక నమ్మకమైన పెట్టె కావాలి, అంతే.

శాంపిళ్లు కొనడం మా ఊరి నుంచే మొదలుపెడితే మేలు. వాన తగ్గాక, అరకు సీజన్ మొదలుకాక ముందు రండి. ఘాటీ బళ్లన్నీ ప్యాడ్లు మార్పించేది అప్పుడే.

ఇట్లు
అరకు రూటులో ఒక ఓనర్ కమ్ డ్రైవర్,
విశాఖపట్నం