చిన్నీకి, కాకినాడ నుంచి

చిన్నీ,

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. పెరట్లో బంగినపల్లి ఈసారి బాగా పూసింది. శేషు బాబాయి మేడ మీద గది వేయిస్తున్నాడు. నీకు తీరిక ఉండదని తెలుసు, అందుకే ఫోన్ చేయకుండా రాస్తున్నాను.

నిన్న లలిత అత్తయ్య వచ్చి ఏదో అంది. మీ కాలేజీ పిల్లలు ఫీడ్‌బ్యాక్‌లో "ఎవరో రాసిన పాత కోడు మాకెందుకు, ఏఐ నేర్పండి" అని రాశారట. వచ్చే సెమిస్టర్‌లో నువ్వు చెప్పే సాఫ్ట్‌వేర్ మెయింటెనెన్స్ సబ్జెక్టే, అదే పాత కోడును సరిదిద్దుతూ నడిపించడం నేర్పేది, తీసేస్తారట. నిజమేనా? నెల దాటింది నీ గొంతు విని.

పిల్లల్ని అనడానికి లేదు. నాలుగేళ్లూ ఖాళీ ఫైలుతో మొదలుపెట్టి, మార్కులు పడగానే పక్కన పడేసే ప్రాజెక్టులే చేస్తారు. ఉద్యోగంలో చేరగానే లక్షల లైన్ల కోడు చేతిలో పెడతారు, రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటారు.

నేను వైటూకే పనిలో, అంటే 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పకుండా సరిదిద్దే పనిలో ఉన్నప్పుడు నీకింకా మాటలు రాలేదు. 1998లో హైదరాబాద్‌లో ఒక బ్యాంకు డిపాజిట్ల కోసం కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాములు మాకు అప్పగించారు. తేదీకి ఆరంకెలు, అందులో సంవత్సరానికి రెండే. 99లో వేసిన డిపాజిట్ గడువు 00లో తీరుతుందంటే, ప్రోగ్రాము లెక్కలో అది వేయకముందే తీరిపోయినట్టు. ప్రతి ఫైల్లో అంకెలు పెంచే వ్యవధి లేదు. అందుకని ఆ రెండంకెలు 50 కన్నా తక్కువైతే 2000ల్లోకి, లేకపోతే 1900ల్లోకి అని షరతు రాశాం. కొత్తగా చేరిన కుర్రాడు, మీ క్లాసు పిల్లల ఈడువాడే, చకచకా మార్చేసి అయిపోయిందన్నాడు. మా లీడ్ మేడమ్ ఒప్పుకోలేదు. ముందు పాత ప్రోగ్రామును పాత డేటాతో నడిపించి ఆ రిపోర్టు దాచమన్నారు. మార్పు తర్వాతి రిపోర్టును దాంతో లైను లైను పోల్చమన్నారు. పైసా తేడా రాలేదు. ఆ తర్వాత తేదీని 2000 ఫిబ్రవరి 28కి జరిపితే, మర్నాడు మార్చి 1 అని వచ్చింది! ఎక్కడో మూలనున్న ఒక సబ్‌రొటీన్‌లో, అంటే చిన్న ఉప ప్రోగ్రాములో, ఎవరో 100తో భాగమైతే లీపు సంవత్సరం కాదని రాసి, 400తో భాగమైతే అవుతుందన్నది వదిలేశారు. వడ్డీ ఒక రోజు తప్పేది. కుర్రాడు మార్చిన చోట తప్పేమీ లేదు, తప్పు అతను తెరిచి చూడని ఫైల్లో ఉంది.

నీ క్లాసు సంగతి నీకే బాగా తెలుసు. అయినా ఒక మాట. పిల్లలకు నిజంగా వాడుకలో ఉన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఇవ్వు. బిల్డ్ అవడానికే, అంటే కోడు నడిచే ప్రోగ్రాముగా తయారవడానికే, వారం పడితే పట్టనీ. బగ్‌ను ముందు తమ మెషీన్‌లో రప్పించాలి, దాన్ని పట్టుకునే టెస్ట్ రాయాలి, ఆ తర్వాతే కోడు మీద చెయ్యి వేయాలి. కమిట్ మెసేజ్‌లో, అంటే ప్రతి మార్పుతో పాటు రాసే మాటలో, ఉత్త 'ఫిక్స్‌డ్' అని ఉంటే మార్కులు తగ్గించు, ఎందుకు మార్చారో రాయమను. గిట్ బైసెక్ట్ చేయించు, మార్పుల చరిత్రను సగానికి సగం చేసుకుంటూ తప్పును వెతకడమేగా అది. వెయ్యి కమిట్లలో తప్పు ఎక్కడ దూరిందో పది సార్లు పరీక్షిస్తే తేలిపోవడం వాళ్లు కళ్లారా చూడాలి. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జేలో, ఎన్నో జావా ప్రోగ్రాములు వాడుకునే ఆ లైబ్రరీలో, లోపం బయటపడ్డప్పుడు, అది తమ దగ్గర ఎక్కడెక్కడ ఉందో వెతుక్కోవడమే చాలా కంపెనీలకు పెద్ద పనైంది. డిపెండెన్సీల, అంటే మన ప్రోగ్రాము ఆధారపడే బయటి కోడు ముక్కల, జాబితా తీయడం ఒక ల్యాబ్‌గా పెట్టు. ఏఐ కావాలంటున్నారుగా, అది రాసిన కోడు ఇచ్చి తప్పులు వెతకమను.

సబ్జెక్టు తీసేస్తామంటే ఊరుకోకు, సిలబస్ కమిటీకి కాగితం మీద రాసివ్వు. కోపంలో రాజీనామా మాత్రం ఇవ్వకు తల్లీ. లలిత అత్తయ్య ఆ మాట కూడా అంది.

రాత్రి పది దాకా ల్యాబ్‌లోనే ఉంటున్నావట. భోజనం వేళకు చేస్తున్నావా? తలనొప్పికి కళ్లు చూపించుకోమన్నాను, వెళ్లావా? శేషు బాబాయి గురువారం వరంగల్ వస్తున్నాడు, అమ్మ సున్నుండలు పంపుతోంది. అన్నీ స్టాఫ్ రూములో పంచేయకు. స్టీలు డబ్బా బాబాయి చేతికే తిరిగివ్వు, అది మామ్మది.

ఆదివారం ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా ఫర్వాలేదు.

నాన్న