చూడని ఫోటోలు, తిరిగి రాని చదరం

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

విషయం: ఒకే డై లాట్ (ఒకేసారి అద్దిన ఊలు) నంబరున్న క్రీం రంగు ఊలు ఉండల్లో ఛాయ తేడా, ఫిర్యాదును చూడకుండానే పదే పదే మూసేయడం, పరీక్షకని తెప్పించుకున్న మా అల్లిక చదరాన్ని తిరిగి ఇవ్వకపోవడం.

నమస్కారమండీ.

ఈ ఉత్తరాన్ని మీ ఆఫీసులో ఒక్కరైనా మొదటి నుంచి చివరిదాకా చదువుతారన్న ఆశతో రాస్తున్నాను. ఇంతకుముందు నేను రాసినవి ఎవరూ చదవలేదు. ఆ సంగతి మీ దగ్గర్నుంచి వచ్చిన జవాబులే చెబుతున్నాయి. నిన్న మళ్లీ మెసేజ్ వచ్చింది, "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు" అని. ఏ సమస్య పరిష్కారమైందండీ? ఎవరు పరిష్కరించారు? వాళ్ల పేరు చెప్పండి, నేనే ఫోన్ చేసి మాట్లాడతాను.

అసలు విషయం చిన్నది. మేం కొందరం ఆడవాళ్లం కలిసి గ్రానీ స్క్వేర్లతో, అంటే మధ్యలో మొదలుపెట్టి రౌండ్లుగా క్రోషే హుక్‌తో అల్లే చదరాలతో, ఒక దుప్పటి అల్లుతున్నాం. మాలో చాలామందికి హుక్ పట్టుకోవడం నేర్పిన పెద్దావిడకి ఇవ్వడానికి. ఎవరింట్లో వాళ్లు చదరాలు అల్లి తెస్తారు, వాటిని కలిపే పని నాది. లోపలి రంగులు ఎవరిష్టం వాళ్లవి. ఆరో రౌండు, అంటే చివరిది మాత్రం అందరిదీ మీ క్రీం ఊలే. చదరాలను కలిపే కుట్టు, దుప్పటి చుట్టూ వేసే అంచు కూడా దాంతోనే. అందుకే ఊలంతా ఒకేసారి తెప్పించాను. ప్రతి ఉండ పట్టీ మీదా డై లాట్ నంబర్ చూసుకుని మరీ అందరికీ పంచాను. అన్నిటి మీదా ఒకటే నంబరు. తీరా చదరాలు కలిపి పగటి వెలుతురులో పరిస్తే, కొన్నిటి అంచు క్రీం రంగులో ఉంది, కొన్నిటిది పసుపు తిరిగి ఉంది. రాత్రి లైటు కింద ఆ తేడా తెలియనే లేదు.

అద్దకంలో ఒక్కోసారి తేడా వస్తుంది. ఆ మాట నాకూ తెలుసు, దాని మీద నాకు కోపం లేదు. "పొరపాటు జరిగిందమ్మా, సరైన ఛాయ పంపిస్తాం" అని మొదటి రోజే ఒక్క మాట అని ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు. ఆ తర్వాత నన్ను తిప్పిన తిప్పలున్నాయే, వాటి గురించి రాస్తున్నాను.

మొదట మీ చాట్‌లోకి వెళ్లాను. "ఆర్డర్ రాలేదు", "డబ్బు కట్ అయింది", "సైజు సరిపోలేదు" అని మూడు బటన్లు వచ్చాయి. ఊలు అమ్మే కంపెనీకి రంగు తేడా మీద ఫిర్యాదు వస్తుందని తట్టనే లేదా? "ఇతర సమస్యలు" నొక్కితే మళ్లీ అవే మూడు బటన్లు. ఎన్నిసార్లు నొక్కినా అంతే. ఫోన్ చేస్తే లైన్ దొరికేసరికి చేతిలో ఉన్న చదరం పూర్తయింది.

ఫోన్ ఎత్తిన అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. "స్వెటర్ ఏ సైజు మేడమ్?" అని అడిగాడు. స్వెటర్ కాదు బాబూ, దుప్పటికి అల్లే చదరాలు అన్నాను. "మెషిన్ మీద అల్లారా?" అన్నాడు. క్రోషేకి ఒక్క హుక్కు, రెండు చేతులే ఉంటాయని చెప్పాను. ఫోటోలు పంపమన్నాడు. కిటికీ పక్కన తెల్ల కాగితం పరిచి, దాని మీద రెండు ఛాయలూ పక్కపక్కన పెట్టి, పట్టీల మీది నంబర్లు కనిపించేలా ఫోటోలు తీసి ఆ రోజే పంపాను. మర్నాడు జవాబు వచ్చింది: "మీరు పంపిన లాట్ నంబర్లు ఒకటే. కాబట్టి రంగు కూడా ఒకటే. టికెట్ మూసివేయబడింది."

నా ఫిర్యాదే అది కదండీ! నంబరు ఒకటే, రంగు వేరు. ఒకే తొట్టెలో ఒకేసారి అద్దిన ఊలు అని చెప్పడానికే కదా లాట్ నంబరు వేసేది? ఆ నంబరు చూసే కదా మేం నమ్మి కొనేది? ఒకే లాట్ ఉండలు సరిపడా ఒకేసారి కొనుక్కోమని మీ పట్టీ మీద మీరే రాస్తారు. నేను చేసింది అదే. నంబరు చూసిన మనిషి పక్కనే ఉన్న ఫోటో వైపు చూపు తిప్పి ఉంటే రెండు క్షణాల్లో తెలిసిపోయేది.

టికెట్ మళ్లీ తెరిపించాను. ఈసారి ఒకమ్మాయి, "మీ ఫోన్ స్క్రీన్ వల్ల అలా కనిపిస్తుంది మేడమ్" అంది. అమ్మా, ఊలు నా ఒళ్లో ఉంది, స్క్రీన్ మీద లేదు అన్నాను. "అయితే రాత్రి లైట్‌లో చూడండి, ఒకేలా ఉంటుంది" అంది. కొన్ని ఛాయలు బల్బు కింద ఒకటిగా కనిపించి, ఎండ వెలుతురులో విడిపోతాయి. అద్దకమే వ్యాపారంగా ఉన్న మీకు ఇది నేను చెప్పాలా? ఆ పెద్దావిడ దుప్పటి రాత్రిళ్లే కప్పుకోవాలని మీ కంపెనీ సలహానా?

ఇంకొకాయన వేడినీళ్లలో బాగా నానబెట్టి ఉతికితే ఎక్కువగా ఉన్న రంగు పోతుందన్నాడు. ఈ మాట విని నాకు భయమేసింది. ఊలును వేడినీళ్లలో పెట్టి రుద్దితే పోగులు ఒకదానికొకటి పట్టేసి, ముడుచుకుని, గట్టి గుడ్డ అయిపోతుంది. మళ్లీ మామూలుగా రాదు. మీ పట్టీ మీదే చల్లని నీళ్లలో చేత్తో ఉతకమని బొమ్మ ఉంది. అది చూడని మనిషిని కస్టమర్లకు సలహాలివ్వమని ఎలా కూర్చోబెట్టారు? నా స్థానంలో నిన్నగాక మొన్న హుక్ పట్టుకున్న పిల్ల ఉండి, ఆ మాట నమ్మి ఉంటే, ఆమె పనంతా ఏమయ్యేది?

తర్వాత దొరికినాయన మరీ తేలిగ్గా తేల్చేశాడు. "తేడా రెండు మూడు ఉండల్లోనే కదా, ఆ భాగం విప్పి మళ్లీ అల్లుకోండి" అన్నాడు. గ్రానీ స్క్వేర్ ఎలా పెరుగుతుందో ఆయనకు తెలియదు. మొదటి రౌండులో నాలుగు గుత్తులు, గుత్తికి మూడు డబుల్ క్రోషేలు, అంటే మూడు నిలువు కుట్లు. ఆ తర్వాత ప్రతి రౌండుకూ నాలుగేసి గుత్తులు పెరుగుతాయి. ఆరు రౌండ్ల చదరంలో మొత్తం 252 డబుల్ క్రోషేలుంటే, ఒక్క ఆరో రౌండులోనే 72. అంటే చదరంలో అన్నిటికంటే ఎక్కువ ఊలు తాగేది ఆ చివరి రౌండే, కంటికి ముందు కనిపించేదీ అదే. అది విప్పాలంటే ముందు చదరాల మధ్య కుట్టు ఊడదీయాలి. తర్వాత దాచిన కొసలు వెతకాలి. ఆ కొసల్ని ఊడిపోకుండా ఒకసారి అటు, ఒకసారి ఇటు వెనక్కి తిప్పి దూర్చి దాస్తాం. వాటిని వెతికి లాగేటప్పుడు పక్క కుట్టు తెగకుండా ఉండటం ఎంత కష్టమో అల్లినవాళ్లకే తెలుసు. పైగా చదరాలన్నీ తడిపి, పిన్నులు గుచ్చి, ఒకే కొలతకు ఆరబెట్టి ఉంచాను. నలుగురి చేతుల్లో నలుగురి బిగువు ఉంటుంది కాబట్టి ఆ బ్లాకింగ్ చేయకపోతే అంచులు కలవవు. అదంతా మళ్లీ చేయాలి. సరే, విప్పుతాననే అనుకుందాం. మళ్లీ ఏ ఊలుతో అల్లమంటారు? సరైన ఛాయ ఇవ్వమనే కదా నేను మిమ్మల్ని అడుగుతున్నది!

సూపర్‌వైజర్‌తో మాట్లాడిస్తామని ఊరించి ఊరించి చివరికి మాట్లాడించారు. ఆయన అన్న మాట ఇది: "మా ఊలు నిట్టింగ్ కోసం మేడమ్. ఇలాంటి కొత్త డిజైన్లకు మేం గ్యారంటీ ఇవ్వలేం." కొత్త డిజైనా? గ్రానీ స్క్వేర్ నమూనా 1885లోనే అమెరికాలో ప్రైరీ ఫార్మర్ అనే పత్రికలో అచ్చయింది. మిగిలిపోయిన ఊలు ముక్కలు పారేయకుండా వాడుకోవడానికి తరతరాలుగా ఆడవాళ్లు అల్లుతున్న అల్లిక ఇది. మీ పట్టీ మీద నిట్టింగ్ సూదుల బొమ్మ పక్కనే హుక్ బొమ్మ వేసి 4 మిల్లీమీటర్లు అని రాసింది మీరే. అమ్మేటప్పుడు ఆ హుక్ బొమ్మ ఉంటుంది, ఫిర్యాదు వచ్చినప్పుడు మాయమవుతుందా?

ఇక్కడిదాకా చికాకే. ఇక నుంచి చెప్పేది మాత్రం నేను మరిచిపోయేది కాదు.

మీ క్వాలిటీ విభాగం వాళ్లు రాశారు, విడి ఊలు పనికిరాదు, అల్లిన వస్తువే పరీక్షకు పంపాలని. తేడా అన్నిటికంటే స్పష్టంగా ఉన్న చదరం ఒకటుంది. దాని చివరి రౌండు మధ్యలో ఒక ఉండ అయిపోయి ఇంకోటి మొదలైంది. ఒకే వరుసలో రెండు రంగులూ కనిపిస్తాయి. కళ్లున్నవాళ్లు ఎవరూ కాదనలేని రుజువు. అది అల్లింది మా గుంపులో చూపు బాగా తగ్గిపోయిన ఒకావిడ. గుత్తికీ గుత్తికీ మధ్య ఉండే సందును వేలితో తడుముకుని, లెక్క పెట్టుకుంటూ అల్లుతుంది. మూలల్లో గొలుసు కుట్లు ఒకటి ఎక్కువైనా తక్కువైనా వేలికే తెలిసిపోతుందంటుంది. ఆమె చదరంలో ఒక్క కుట్టు తప్పు ఉండదు. దాన్ని దుప్పటి నుంచి విడదీసి పంపాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఆమే "పంపు, నిజం తేలనీ" అంది. తిరిగి పంపమని పెద్ద అక్షరాలతో చీటీ రాసి, దానికే గుచ్చి పంపాను.

చాలా రోజుల తర్వాత జవాబు వచ్చింది. "పరీక్ష పూర్తయింది. లోపం కనుగొనబడలేదు. నిబంధనల ప్రకారం శాంపిల్ తిరిగి పంపబడదు."

వెంటనే ఫోన్ చేసి చదరం ఎక్కడుందని అడిగాను. ఆ విభాగానికి ఫోన్ కలపడం కుదరదన్నారు. మెయిల్ పెడితే తనంతట తానే వచ్చే జవాబు వచ్చింది. మళ్లీ ఫోన్ చేస్తే ఒకాయన విసుగ్గా, "ఒక ఊలు ముక్కే కదా మేడమ్, దాని విలువెంతో చెప్పండి, కూపన్ ఇస్తాం" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఆ చదరం విలువ నేను చెప్పాలా? మీరు మాకు అమ్మింది ఊలు. ఆమె మీకు పంపింది ఊలు ముక్క కాదు. ఇప్పుడామె నన్ను అడుగుతోంది, నా చదరం వచ్చిందా అని. వచ్చే వారం వస్తుందని చెబుతూ వస్తున్నాను. మీ తరఫున అబద్ధాలు చెప్పాల్సి వస్తోందని నాకు ఎంత కష్టంగా ఉందో మీకు తెలుసా?

నేను మీకు కొత్త కస్టమర్‌ని కాదు. మీ పట్టీలు పాత రకంగా ఉన్న రోజుల నుంచీ మీ ఊలే వాడుతున్నాను. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఏది కొనాలని అడిగితే మీ పేరే చెప్పాను. పోగు పీచు లేవదు, హుక్కు పోగు మధ్యలో దిగబడదు, కుట్టు కంటికి కనబడుతుంది, మొదలుపెట్టేవాళ్లకు ఇదే మంచిదని చెప్పాను. నా మాట మీద కొన్నవాళ్లు మా గుంపులోనే చాలామంది ఉన్నారు. మీరు ప్రకటనలు వేసి తెచ్చుకోలేని నమ్మకాన్ని మాలాంటివాళ్లం మీకు ఊరికే తెచ్చి ఇచ్చాం. దానికి బదులు ఒక ఫోటో చూసే ఓపిక కూడా మీ దగ్గర లేకపోయింది.

మొదట్లో నాకు కావాల్సింది సరైన ఛాయలో కొన్ని ఉండలు, అంతే. డబ్బు వాపసు అడగలేదు, ఇప్పుడూ అడగను. కూపన్ నాకొద్దు. ఆ ఉండలు ఇప్పటికీ కావాలి. మంచి ఛాయలో ఉన్న ఊలు పోగు ఒకటి ఈ ఉత్తరానికి అంటించాను, దాన్ని పగటి వెలుతురులో పక్కన పెట్టి, సరిపోయిందని మనిషి కంటితో చూసి పంపండి. అయితే ఇప్పుడు అది ఒక్కటే సరిపోదు. ఆ చదరం ఎక్కడున్నా వెతికి, గుచ్చిన చీటీతో సహా తిరిగి పంపాలి. పారేశామంటే ఎవరు, ఎప్పుడు, ఎవరిని అడిగి పారేశారో రాతపూర్వకంగా చెప్పాలి. అల్లినామెకు మీ కంపెనీ పేరు మీద క్షమాపణ ఉత్తరం రాయాలి. చూపు తగ్గిన ఆమెకు చదవడం కుదరదు, నేను చదివి వినిపిస్తాను. కాబట్టి ఎవరికైనా పంపే ఆ రెండు లైన్ల మెసేజ్ మాత్రం పంపొద్దు.

ఇది కూడా ఇంకో టికెట్‌గా మూసేస్తే నేను ఊరుకోను. మీ మెయిళ్లు, మెసేజ్‌లు, ఫోటోలు, పార్సిల్ రసీదు అన్నీ తేదీల ప్రకారం ఫైలు చేసి ఉంచాను. వినియోగదారుల కోర్టుకు వెళ్తాను. నాకు తెలిసిన ప్రతి అల్లిక గుంపుకూ ఆ ఫోటోలు పంపుతాను. మీరు చూడకపోయినా వాళ్లు చూస్తారు. మా దుప్పటి అంచుకు వేరే కంపెనీ ఊలు తెస్తాను. అవసరమైతే ప్రతి చదరం చివరి రౌండూ విప్పించి మళ్లీ అల్లిస్తాను కానీ, మీ ఉండ ఇంకొకటి మాత్రం మా ఎవరింట్లోకీ రాదు.

పది రోజులు చూస్తాను. ఫోన్ చేసేవాళ్లు ముందు ఫోటోలు తెరిచి, చూసి, అప్పుడు చేయండి.

ఇట్లు,
ఇన్నేళ్లుగా మీ ఊలునే నమ్ముకున్న కస్టమర్

జతపరిచినవి: ఫోటోలు, పట్టీలు, మీరు మూసేసిన టికెట్ల నంబర్లు, చదరం పంపిన పార్సిల్ రసీదు నకలు, ఊలు పోగు.