కోపానికి ఒకే కొలత

విశాఖపట్నం

కన్నా,

ఆన్‌లైన్‌లో రాజకీయాల మీద వాదించొద్దని చెప్పను. కోపం రావాల్సిన చోట రావాలి. కానీ మనవాళ్ల మీదైనా, అవతలివాళ్ల మీదైనా ఒకే కొలతతో రావాలి. నేను పట్టుబట్టేది దాని గురించే.

కేసుల సంగతే చూడు. ఎఫ్ఐఆర్ అంటే ఫిర్యాదు నమోదైందని, అంతే. దర్యాప్తు అయ్యాక పోలీసులు వేసేది ఛార్జిషీటు. విచారించదగ్గ విషయం ఉందనుకుంటే కోర్టు అభియోగాలు నమోదు చేస్తుంది. తీర్పు ఆ తర్వాతెప్పుడో. అవతలి నాయకుడి మీద ఎఫ్ఐఆర్ పడగానే దొంగ అనేసేవాళ్లు, తమ నాయకుడి మీద ఛార్జిషీటు పడినా కక్ష సాధింపంటారు. అందుకే కేసు ఏ దశలో ఉందో చూసి ఆ మాటే రాయి. అభ్యర్థులు నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో పెండింగ్ కేసులు, పడిన శిక్షలు ఉంటాయి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఒక్కరిది కాదు, ఇద్దరివీ తెరిచి చదువు.

మన స్టీల్‌ప్లాంట్ గొడవలో జరిగేది వేరు. 2021 జనవరి 27న కేంద్ర కేబినెట్ కమిటీ నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు, అంటే ప్రభుత్వ వాటా మొత్తం అమ్మడానికి, సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2025 జనవరిలో కేంద్రమే రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. రెండూ నిజాలే. ఒక వర్గం మొదటిదే చెబుతుంది, ఇంకో వర్గం రెండోదే. ప్యాకేజీ ఇవ్వడం వేరు, పాత నిర్ణయం రద్దు చేయడం వేరు. రద్దయిందనేవాళ్లని ఉత్తర్వు చూపించమను. అమ్మేశారనేవాళ్లని కొన్నదెవరో చెప్పమను. 32 మంది ప్రాణాలిచ్చి సాధించిన ప్లాంటు అది. పార్టీల పంతాలకి దాన్ని వాడుకుంటుంటే కడుపు రగిలిపోతుంది.

చదువుకున్నవాళ్లకి ఈ జబ్బు ఉండదనుకోకు. 1979లో స్టాన్‌ఫర్డ్‌లో మరణశిక్షను సమర్థించే విద్యార్థులకీ, వ్యతిరేకించే విద్యార్థులకీ అవే రెండు అధ్యయనాలు చూపించారు. ఆ శిక్ష వల్ల నేరాలు తగ్గుతాయని ఒకటి, తగ్గవని ఇంకోటి. తమకు నచ్చినదాన్ని గట్టి ఆధారమన్నారు, రెండోదాంట్లో లోపాలు వెతికారు. చివరికి ఇరుపక్షాలూ మరింత దూరం జరిగాయి.

పోస్టు పెట్టేముందు అందులో నాయకుడి పేరు తీసేసి, నీకిష్టమైన నాయకుడి పేరు పెట్టి చదువు. నీ తీర్పు మారిందంటే పెట్టకు. అరనిమిషం క్లిప్పైతే పూర్తి వీడియో దొరికేదాకా ఆగు. ప్రశ్న ఒకచోట, జవాబు ఇంకోచోట కోసి అతికిస్తారు. "అప్పుడు మీరేం చేశారు?" అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పు, అది న్యాయమైన ప్రశ్నే. కానీ అప్పటి తప్పు చూపించి ఇప్పటి తప్పుని మాఫీ చేయించుకోనివ్వకు.

నువ్వు పెట్టింది తప్పని తేలితే గుట్టుగా తీసేయొద్దు. అక్కడే, మొదటి మాట ఎంతమంది చూశారో అంతమందీ చూసేలా సవరణ రాయి.

అమ్మ