తాబేళ్ల గుంటడికీ, మిగతా అందరికీ

ఈ థాంక్స్ నవంబర్‌లోనే చెప్పాల్సింది. చెప్పకపోవడానికి కారణం ఏంటంటే, ఒక సేవా క్లబ్బువాళ్లు పైసా తీసుకోకుండా చేయించి ఇచ్చిన కృత్రిమ కాలుని మా నాన్న మూడో వారానికే అటకెక్కించేశాడు, అది తెలిసీ నలుగురి ముందు కృతజ్ఞతలు అని రాయాలంటే నాకే సిగ్గేసింది. ఇప్పుడు ఆ సంగతి తేలింది కాబట్టి మొదట్నుంచీ రాస్తున్నా, గుంటడంటే మా వైపు కుర్రాడు, ఆ తాబేళ్ల కుర్రాడెవరో చివర్లో తెలుస్తుంది, పొడుగైపోతే ఏమనుకోకండి.

మాది కవిటి మండలంలో సముద్రానికి దగ్గర ఊరు, నేను ఉద్యోగం వల్ల విజయనగరంలో ఉంటా. నాన్నకి కొబ్బరితోటే లోకం. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి చెట్లన్నీ పడిపోతే మళ్లీ మొక్కలు నాటాడు, అవి ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. సుగరుంది, అయినా చెప్పుల్లేకుండానే తోటలో తిరుగుతాడు, ఎన్నిసార్లు చెప్పినా వినడు. పోయిన వేసవిలో కాల్లో ఏదో గుచ్చుకుంది, పట్టించుకోలేదు. తర్వాత ఒక క్లినిక్‌లో పదిరోజులు ఇంజెక్షన్లు చేసి తగ్గిపోద్ది అన్నారు, ఆ పేరు ఇక్కడెందుకులెండి, విశాఖ తీసుకెళ్లేసరికి పాదం నల్లబడిపోయింది. మోకాలి కింద నుంచి తీసేశారు.

ఆపరేషన్‌కి రక్తం కావాలన్నారు, నాన్నది ఓ నెగటివ్. రాత్రి పదకొండింటికి డోనర్ల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడితే ఎవరో కుర్రాడు ఫోన్ చేసి, అక్కా నేనిచ్చి మూడు నెలలు అవ్వలేదు నా దగ్గర తీసుకోరు, మా రూమ్మేట్‌ది కూడా అదే గ్రూపు, లేపి పంపిస్తున్నా అన్నాడు. నిజంగానే లేపి పంపించాడు. ఆ అబ్బాయి సగం నిద్రలోనే వచ్చి రక్తమిచ్చి వెళ్లిపోయాడు, హడావిడిలో పేరు కూడా అడగలేదు, బాబూ నువ్వు ఇది చదివితే ఒక్క మెసేజ్ పెట్టు. ఆసుపత్రి బయట మధ్యాహ్నం సాంబారన్నం పెట్టేవాళ్లకి కూడా థాంక్స్, అమ్మ పదకొండు రోజులు అదే తింది, ఏ ట్రస్టో ఇప్పటికీ తెలీదు, బ్యానర్ కూడా కట్టుకోలేదు మరి.

కాలు సంగతి. శ్రీకాకుళంలో ఒక సేవా క్లబ్బు కృత్రిమ కాళ్ల క్యాంపు పెడుతోందని మా బావ చెప్పాడు. పేరు రాయొద్దని వాళ్లే అన్నారు, అందుకే రాయట్లేదు. సోంపేటలో రైలెక్కి ఆమదాలవలసలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్లాం. అక్కడ ఇచ్చేది జైపూర్ ఫుట్ అంట, నాకు పేరు వినడమే గానీ సంగతి అక్కడే తెలిసింది, 1968లో జైపూర్‌లో పెద్దగా చదువుకోని రామచంద్ర శర్మ అనే శిల్పీ, ఎముకల డాక్టర్ పీకే సేఠీ గారూ కలిసి తయారు చేశారంట. అంతకుముందు వచ్చే ఫారిన్ కాళ్లకి బూటు తప్పనిసరి, మడిచి కింద కూర్చోలేరు. దీనికి రబ్బరు పాదం, ఉత్తకాళ్లతో పొలంలో నడవచ్చు, బాసింపట్టు వేసుకుని అన్నం తినొచ్చు. 1975 నుంచి జైపూర్‌లో భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి అనే సంస్థ ఇవి ఉచితంగా ఇస్తోందంట, డీఆర్ మెహతా గారు పెట్టిన సంస్థ.

తయారీ చూస్తే మతిపోయింది. ముందు మిగిలిన కాలుకి ప్లాస్టర్ తడి గుడ్డ చుట్టి అచ్చు తీశారు. గోధుమరంగు ప్లాస్టిక్ పైపు ముక్కని పొయ్యిలాంటి దాంట్లో మెత్తబడేదాకా వేడిచేసి, ఇద్దరు పట్టుకుని ఒక్క ఊపులో ఆ అచ్చు మీదకి లాగేశారు, మేజోడు తొడిగినట్టు. నాన్న కళ్లు పెద్దవి చేసుకుని చూసి, "ఓలమ్మా, ఇది మన తోటలో నీళ్ల పైపు కాదేటి?" అన్నాడు. అదేనంట, హెచ్‌డీపీఈ పైపే! మర్నాడు మధ్యాహ్నానికి కాలు వచ్చేసింది.

ఇంటికొచ్చాక రెండు వారాలు బాగానే నడిచాడు, తర్వాత ఒరుసుకుని పుండైంది. సుగర్ మనిషికి పుండంటే ఏంటో మాకు ఒకసారి అనుభవమే కదా, అమ్మ భయపడిపోయింది, నాన్న మాట్లాడకుండా దాన్ని గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టేసి మళ్లీ చంకకర్రలు పట్టుకున్నాడు. ఉచితంగా ఇచ్చినవాళ్లకి ఫోన్ చేసి బాలేదని చెప్పడానికి మొహమాటం. ఇది మా తప్పే.

జనవరిలో ఒక కుర్రాడు బండి మీద వచ్చాడు. క్యాంపులో కాళ్లు తీసుకున్నవాళ్ల లిస్టు పట్టుకుని ఊరూరూ తిరుగుతున్నాడు. అరుగు మీద చంకకర్రలు చూసి "తాతా, కాలేదీ?" అంటే, నాన్న "అటక మీద పడుకున్నాది" అన్నాడంట. తిట్టకుండా తనే ఎక్కి దింపాడు. కాలు తీసేసిన కొన్ని నెలల దాకా మిగిలిన కాలు చిక్కిపోతూనే ఉంటుంది తాతా, అందుకే సాకెట్, అంటే కాలు దూర్చే గిన్నెలాంటి భాగం, వదులై ఒరుసుకుంది, నీ తప్పు కాదు కాలు తప్పూ కాదు అన్నాడు. పుండు మానేదాకా ఆగి, టెక్నీషియన్ వచ్చిన రోజు తనే కారు మాట్లాడి తీసుకెళ్లి సాకెట్ మళ్లీ చేయించాడు. కాలు ఇచ్చినందుకు థాంక్స్ ఎలాగూ చెప్తాం, కానీ నాకైతే ఇలా మళ్లీ వచ్చి అడిగినందుకే ఎక్కువ. తమ్ముడు క్లబ్బుకి రెండు వేలు పంపితే మర్నాడే రసీదు వచ్చింది, ఆ కుర్రాడు మాత్రం చేతికిస్తే తీసుకోలేదు, అమ్మ పనసకాయ బండికి కట్టేస్తే నవ్వుకుంటూ పోయాడు.

అతని అసలు పని వేరే అంట. చలికాలం రాత్రుళ్లు మా ఒడ్డున తాబేళ్లు, అదే ఆలివ్ రిడ్లీలు, గుడ్లు పెడతాయి, ఒక్కోటి వంద దాకా. కుక్కలూ నక్కలూ తవ్వేయకముందే వాటిని ఏరి, వల కట్టిన చోట మళ్లీ ఇసకలో పాతిపెట్టి కాపలా కాసే ఇంకో సంస్థలో ఉన్నాడు. నాన్న "తాబేలు గుడ్డుకి కూడా సంఘమేటిరా" అని రోజూ వెటకారం, పేరు కూడా తాబేళ్ల గుంటడని పెట్టేశాడు.

మొన్న తెల్లారగట్ల పిల్లల్ని సముద్రంలోకి వదులుతుంటే రమ్మన్నాడు. నాన్న చెప్పుల్లేకుండా (మళ్లీ!) ఇసకలో తనే నడుచుకుంటూ వెళ్లాడు, నేను చెయ్యిస్తే విదిలించాడు. అరచేతిలో సగం కూడా లేని పిల్లలు పడుతూ లేస్తూ నీళ్లకేసి పోతుంటే చాలాసేపు చూసి, "నాలుగు కాళ్లుండీ ఎంత నిమ్మళంగా ఎల్తన్నాయో సూడు" అన్నాడు.

చంకకర్రలు రెండూ ఇంట్లో ఖాళీగా ఉన్నాయి, బాగానే ఉన్నాయి, కింద రబ్బర్లు కొత్తవి. సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం వైపు ఎవరికైనా కావాలంటే చెప్పండి, తెచ్చిస్తాం.