జమ్మికుంటల నెట్ సెంటర్ పెట్టిన శీనుకు, కుకీల సంగతి

హన్మకొండ,
ఆదివారం రాత్రి

అరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ మొత్తం విన్న. సగం తిట్లు, సగం ప్రశ్నలు. తిట్లకు జవాబు కలిసినప్పుడు ఇస్త, ప్రశ్నలకు ఇప్పుడు రాస్తున్న. ఫోన్ల చెప్దామంటే నడుమల కస్టమర్ వచ్చిండని పెట్టేస్తవ్. అందుకే ఈ ఉత్తరం. చాయ్ పెట్టుకుని చదువు, జర పొడుగే ఉంటది.

ముందుగాల నీ ఫోన్ ముచ్చట. ఏ సైటు తెరిచినా కింద నుంచి పరదా లేసి "కుకీలు ఒప్పుకుంటవా" అని అడుగుతున్నదని, నిన్న వద్దంటే ఇయ్యాల మళ్ల అడుగుతున్నదని మొత్తుకుంటున్నవ్. మెయిల్ తెరిస్తే రోజూ పాస్‌వర్డు, రోజూ ఓటీపీ అంటున్నవ్. ఎవడో వీడియోల చెప్పిండని రాత్రి పండుకునే ముందు కుకీలన్నీ తుడిచేస్తున్నవంట గదా! మరి అడగక ఏం చేస్తది రా? నువ్వు వద్దన్నవన్న సంగతి ఆ సైటు రాసిపెట్టుకునేది సుత ఒక కుకీలనే. దాన్ని నువ్వే తుడిచేస్తివి. తెల్లారి పోతే నువ్వెవరో దానికి ఎరుక లేదు, మళ్ల మొదటి నుంచి అడుగుతది.

ఫోన్ల జాగ కోసం తుడుస్తున్న అన్నవ్, అది ఇంకో తమాషా. ఒక్క కుకీ అంటే ఎక్కువల ఎక్కువ 4096 బైట్లు, అంటే 4 కేబీ. మీ కుటుంబం గ్రూపుల పొద్దున్నే వచ్చే ఒక్క శుభోదయం ఫొటో జాగల అసొంటి కుకీలు ఎన్నో పడ్తయి. జాగ తినేది బ్రౌజర్ దాసిపెట్టుకునే బొమ్మలు, ఫైళ్లు, దాన్ని క్యాష్ అంటరు. డిలీట్ చేసే కాడ కుకీలది ఒక గడి, క్యాష్‌ది ఇంకో గడి వేరేవేరే ఉంటయి. జాగ కావాలంటే క్యాష్ గడి ఒక్కటే టిక్ పెట్టు, కుకీల గడి తీసేయ్. లాగిన్లు పోవు.

అసలు కుకీ అంటే ఏందని సుత అడిగినవ్. భద్రకాళి గుడి కాడ చెప్పుల స్టాండు యాదికుందా? చెప్పులు వాళ్ల దగ్గర, నంబరు టోకెన్ నీ జేబుల. కుకీ గదే టోకెన్. నీ పేరు, నీ బుట్టల సామాను, నీ ఖాతా అంతా సైటోని కంప్యూటర్ల ఉంటది. నీ బ్రౌజర్ల ఉండేది ఒక నంబరు. ఇది లేకుంటే వెబ్ మతిమరుపుది, ఒక పేజీ ఇచ్చినంక ఇంకో పేజీ అడిగినోడు వాడేనో కాదో దానికి తెల్వదు. 1994ల నెట్‌స్కేప్ కంపెనీల లూ మాంటుల్లీ అనే ఇంజనీరు దీన్ని కనిపెట్టిండు. ఆన్‌లైన్ దుకాణంల కొనేటోడి బుట్టల ఏమున్నదో యాదిపెట్టుకునేందుకే ఆలోచన మొదలైంది. మంచి పనికే పుట్టింది.

బద్నాం చేసింది పక్కోళ్లు. వదిన కుట్టు మిషన్ ధరలు చూసిందని, అప్పటి నుంచి క్రికెట్ స్కోరు చూసినా కుట్టు మిషనే కనవడ్తున్నదని చెప్పినవ్ గదా, దాని కథ ఇది. నువ్వు తెరిచింది స్కోరు సైటు. దాని పేజీల యాడ్ డబ్బా ఇంకో కంపెనీది, ఇంకో అడ్రస్ నుంచి వస్తది. ఆ కంపెనీ సుత తన కుకీ నీ బ్రౌజర్ల పెడ్తది. గదే కంపెనీ డబ్బా కుట్టు మిషన్ల సైటుల, వార్తల సైటుల, వంటల సైటుల ఉంటది. ఎక్కడికి పోయినా తన నంబరు తాను చదువుకుంటది, అక్కడికి పోయిండు, ఇక్కడికి వచ్చిండు అని జాబితా తయారైతది. నువ్వు తెరిచిన సైటు పెట్టింది ఫస్ట్ పార్టీ, నడుమల దూరినోడిది థర్డ్ పార్టీ. నువ్వు ఆపాల్సింది ఈ రెండోదాన్నే.

ఆపుడు అల్కగనే అయితది. ఫోన్ల క్రోమ్ తెరువు, పైన మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, థర్డ్ పార్టీ కుకీస్, అక్కడ బ్లాక్ పెట్టు. కంప్యూటర్ల అయితే సెట్టింగ్స్ లోపట ప్రైవసీ అండ్ సెక్యూరిటీల ఉంటది. లాగిన్లు ఉంటయి, వద్దన్న పరదాలు మళ్ల లేవయి, వెంటపడేటోడు తగ్గుతడు. ఎప్పుడన్నా ఒక పేజీల వీడియో రాకున్నా, పేమెంట్ కాడ తిరిగి తిరిగి ఆగినా, మొత్తం సెట్టింగ్ మార్చకు. గదే పేజీల ఆ ఒక్క సైటుకు అనుమతి ఇచ్చుకోవచ్చు, అంతే చాలు.

ఇది కంపెనోళ్లే ఎందుకు చెయ్యరు అంటవేమో. చేసినోళ్లు ఉన్నరు. ఆపిల్ కంపెనీ బ్రౌజర్ సఫారీ 2020 మార్చిల థర్డ్ పార్టీ కుకీలన్నీ ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ 2022 జూన్ నుంచి ఏ సైటు కింద పెట్టిన కుకీ ఆ సైటు కిందనే ఉండేటట్టు గోడలు కట్టింది. గూగుల్ మాత్రం 2020 జనవరిల "రెండేండ్లల తీసేస్తం" అని, వాయిదాల మీద వాయిదాలు వేసి, 2024 జూలైల తీసేసుడు లేదన్నది. 2025 ఏప్రిల్ల అయితే, అడిగేటందుకు ప్రత్యేకం డబ్బా సుత పెట్టం అన్నది. యాడ్ల మీద బతికే కంపెనీ తన పొయ్యిల తానే నీళ్లు పోసుకుంటదా? నాకైతే మొదటి నుంచి నమ్మకం లేకుండె.

ఇగ పరదాలు. అవి యూరప్ చట్టాల పుణ్యం. 2002ల వచ్చిన నిబంధనను 2009ల మార్చి, ముందుగాల మనిషిని అడిగినంకనే కుకీ పెట్టాలె అన్నరు. 2018 మే నుంచి జీడీపీఆర్ అనే యూరప్ డేటా రక్షణ చట్టం వచ్చినంక ఆ అడుగుడు ఇంకింత గట్టిగైంది. అక్కడోళ్లు సుత చూసే సైటు కాబట్టి మనకు సుత అదే పరదా. చట్టం మంచిదే, సైటోళ్ల తెలివి చూడు: ఒప్పుకునే బటన్ రంగురంగులల పెద్దగ, వద్దనేది లోపల ఎక్కడో బూడిద రంగుల. ఫ్రాన్స్‌ల జనం డేటాకు కావలి కాసే సీఎన్‌ఐఎల్ అనే సర్కారు సంస్థ 2022 జనవరిల గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా ఏసినట్టు ప్రకటించింది. ఎందుకంటే ఒప్పుకునుడు ఒక్క నొక్కుడుల అయితే, వద్దనుడుకు ఎన్నో గుమ్మాలు దాటాల్సి వస్తుండె. మన దగ్గర సుత డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023ల అయింది, అండ్ల సమ్మతి ఇచ్చుడు ఎంత అల్కనో వెనక్కి తీసుకునుడు గంతే అల్కగుండాలె అని రాసున్నది. నువ్వైతే పరదా కనవడ్తే రిజెక్ట్ ఆల్ కొట్టు, లేకుంటే కావల్సినయే ఉంచు. గానీ పరదా మీద నమ్మకం పెట్టుకుని కూసోకు. అది సైటోడి మాట. బ్రౌజర్ల నువ్వు పెట్టిన బ్లాక్ నీ మాట.

ఇవన్నీ నీ సొంత ఫోన్ సంగతి. షాపుల సిస్టములకు మాత్రం ఉల్టా చెప్తున్న, జాగ్రత్తగ విను. అక్కడ ప్రతి కస్టమర్ లేసినంక అంతా తుడిచిపెట్టుకుపోవాలె, ఒక్క నంబరు మిగలొద్దు.

మా షాపుల పోయిన ఎప్‌సెట్, అంటే మన పాత ఎంసెట్, కౌన్సెలింగ్ల ఏమైందంటే, ఒక పిల్లగాడు వెబ్ ఆప్షన్లు పెట్టుకుని, ట్యాబ్ ఒక్కటి మూసి లేసిపోయిండు. గదే సిస్టమ్ల పరకాల నుంచి వచ్చిన ఒక బిడ్డ కూసున్నది, పక్కన వాళ్ల నాయిన రుమాలతోని చెమట తుడుచుకుంట నిలవడ్డడు. సైటు తెరిచిందో లేదో, లాగిన్ అడగకుండనే లోపలికి పోయింది. పైన పేరు చూసి ఆయన, "గిదెవరి పేరు బిడ్డా?" అన్నడు. నేను పోయి చూస్తే పిల్లగాని కాలేజీల లిస్టు మొత్తం కనవడ్తున్నది, కిందకు మీదకు జరిపే బాణాలు సుత పని చేస్తున్నయి. ఆ బిడ్డ చెయ్యి మౌస్ మీదకెల్లి తీసి వొళ్లె పెట్టుకున్నది, ఏమన్న ముట్టుకుంటే ఎవరి సీటు పోతదో అని. లాగవుట్ చేసి, పిల్లగానికి ఫోన్ చేసి చెప్పినం. బతికిపోయిండు.

ట్యాబ్ మూస్తే కుకీ పోదు రా. బ్రౌజర్ మొత్తం మూస్తే పోయే రకం కుకీలు ఉంటయి, వాటిని సెషన్ కుకీలంటరు. గానీ క్రోమ్‌ల "ఆపిన కాడికెల్లి మళ్ల మొదలుపెట్టు" అనే సెట్టింగ్ ఆన్ ఉంటే అవి సుత తిరిగొస్తయి. నీ సిస్టములల ముందుగాల అది ఆపు.

అంతకన్న మంచి పని, గెస్ట్ విండో అలవాటు చెయ్యి. క్రోమ్‌ల పైన కుడిదిక్కు గుండ్రటి మనిషి బొమ్మ ఉంటది, అండ్ల గెస్ట్ అని ఉంటది. కస్టమర్ పని అయినంక గెస్ట్ విండోలన్నీ మూస్తే హిస్టరీ, కుకీలు అన్నీ పోతయి. "నేను ఇన్‌కాగ్నిటో వాడుతున్న గదా" అంటవ్. అది సుత తుడుస్తది, గానీ ఒక మెలిక ఉన్నది. ఒక ఇన్‌కాగ్నిటో విండో కింద దాగి ఉంటే, కొత్తగ తెరిచిన ఇన్‌కాగ్నిటో విండోకు సుత అవే కుకీలు అందుతయి. అన్నీ మూసేదాకా అదంతా ఒక్కటే లెక్క. గెస్ట్‌ల సుత గంతే. అందుకే మనిషి లేసినంక కింద పట్టీల ఏమన్న మిగిలిందా అని నువ్వే కన్నేసి చూడు.

కుకీలు తుడిస్తే అన్నీ పోయినయనుకునేరు. సేవ్ చేసిన పాస్‌వర్డులు వేరే గడి, అవి పోవు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ అసలే పోదు. నీ దగ్గర ఆధార్ కాపీలు, మెమోలు, ఈసీలు, ఫొటోలు కుప్పగ ఉంటయి అండ్ల, నాకు ఎరుకే. కుకీల కన్న అది పెద్ద ముల్లె. రాత్రి షట్టర్ దించే ముందు దాన్ని ఖాళీ చేసి, రీసైకిల్ బిన్ సుత ఖాళీ చెయ్యి.

ఒక్క సైటే మొరాయిస్తే, అంటే లాగిన్ పేజీకే మళ్లమళ్ల తిప్పుతుంటే, అడ్రస్ రాసే గీతకు ఎడమదిక్కున్న బొమ్మ నొక్కి, కుకీస్ అండ్ సైట్ డేటాల పోయి ఆ ఒక్క సైటుది తీసెయ్. మిగిలినయి ముట్టకు. డిగ్రీ సీట్ల కోసం పెట్టే దోస్త్ ఆన్‌లైన్ అడ్మిషన్ల టైంల ఈ ఒక్క ముచ్చట తెలిసుంటే లైన్ల ఉన్నోళ్ల సగం గొడవ తగ్గుతది.

ఆఖరి ముచ్చటనే నాకు రంధి. పాస్‌పోర్టు సైజు ఫొటోల కోసం నాలుగో సిస్టమ్ల క్రాక్ కొట్టిన సాఫ్ట్‌వేర్ ఎక్కించినవ్ గదా. అసొంటి దాంట్ల దాగొచ్చే దొంగ ప్రోగ్రాములు ముందుగాల ఎత్తుకపోయేది కుకీలనే. టోకెన్ చేతిల ఉన్నోనికి స్టాండోడు చెప్పులు ఇచ్చేస్తడు, నీ మొఖం చూడడు. పాస్‌వర్డు అక్కర లేదు, ఓటీపీ రాదు. అప్పుడు నీ సిస్టమ్ల కుకీ తుడిస్తే ఏం ఫాయిదా? నకలు వాని దగ్గర ఉన్నది. ఖాతాల పోయి అన్ని డివైజుల నుంచి లాగవుట్ చేసి, వేరే సిస్టమ్ నుంచి పాస్‌వర్డ్ మార్చాలె, అప్పుడే ఆ నంబరు చెల్లది. నీ సొంత జీమెయిల్ దాంట్ల తెరిచినవా? తెరిస్తే ఇయ్యాల రాత్రే ఈ పని చెయ్యి, పొద్దటిదాకా ఆగకు.

వచ్చే ఆదివారం కాజీపేటల రైలెక్కి వస్త. అప్పటిదాకా ఆ నాలుగో దానికి నెట్ వైరు పీకెయ్. విండోస్ కొత్తగ ఎక్కిద్దాం, పెన్‌డ్రైవ్ నేను తెస్త. మక్క గారెలు నీ దిక్కు, వదినకు ఇప్పుడే చెప్పు.

నీ
రమేశ్