మీ పెట్టెల్లో ‘ధ’ బదులు ‘ద’ వచ్చిన సంగతి

దసరాకు మా దగ్గర క్రేయాన్ పెట్టెలు తీసుకున్నవారికి ఒక విషయం చెప్పుకోవాలి. మూలా నక్షత్రం రోజు అక్షరాభ్యాసాల కోసం పంపిన 46 పెట్టెల్లో 9 పెట్టెల్లోకి తప్పు అక్షరాలు వెళ్లాయి. ‘ధ’ ఉండాల్సిన చోట ‘ద’, ‘ఫ’ ఉండాల్సిన చోట ‘ప’. ‘భ’ సంగతి ఇంకా ఘోరం. దాని కింది ఒత్తు గీత విరిగిపోతే ‘బ’ కూడా మిగలదు, ఎందుకంటే ‘బ’కు తలకట్టు ఉండదు. ఏ అక్షరమూ కాని వస్తువు ఒకటి మీ పిల్లల చేతికి వెళ్లింది. నాకు తెలిసే వెళ్లింది.

మా పని మీకు కొత్త కాదు. మీ ఇళ్లలో, బడుల్లో విరిగి మూలన పడిన క్రేయాన్ ముక్కలను తెచ్చి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి కాగితం ఒలిచి, కరిగించి అచ్చుల్లో పోస్తాం. పెట్టెలో బిడ్డ పేరులోని మొదటి అక్షరం పెద్దదిగా ఒకటి, దాని చుట్టూ చేపలు, చిలకలు, మామిడి ఆకులు. విజయవాడలో, మా వంటింట్లోనే.

ఈసారి అక్షరాల అచ్చులు బయట చేయించాను. అక్కడే దెబ్బతిన్నాను. అచ్చులు చేసే ఆయనకు ప్రతి అక్షరాన్నీ చేత్తో గీసి ఇచ్చాను. ఒత్తక్షరాల కింది గీత 6 మిల్లీమీటర్ల మందం ఉండాలని ఎర్ర సిరాతో రాసి మరీ ఇచ్చాను. డబ్బు మొత్తం ముందే కట్టాను. అచ్చులు చెప్పిన రోజుకు రాలేదు. పండుగకు 11 రోజుల ముందు వచ్చాయి. నా బొమ్మలు ఎక్కడా లేవు. కంప్యూటర్‌లో దొరికిన ఏవో సన్నని అక్షరాలను తీసుకుని అచ్చు పోసేశారు. ఆ గీత 2 మిల్లీమీటర్లు కూడా లేదు.

మైనం చల్లారితే బిగుసుకుంటుంది. సన్నని చోట పెళుసుగా ఉంటుంది. అచ్చును వెనక్కి వంచి అక్షరాన్ని బయటికి తోస్తే అక్షరం చేతిలోకి వచ్చేది, బియ్యపు గింజంత నీలం ముక్క ఒకటి అచ్చు అడుగునే ఉండిపోయేది. ఫ్రిజ్‌లో పెట్టి తీసినా అంతే, బయటే ఆరబెట్టినా అంతే. చెంచా కొన వేడి చేసి ఆ ముక్కను అతికించాను. పెట్టెలో సర్దేలోపు మళ్లీ ఊడింది.

ఆయనకు ఫోన్ చేస్తే, “ఆ చిన్న గీత ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి మేడమ్, పిల్లలు గీసుకోవడానికే కదా” అన్నారు. ఆయన మాట్లాడేదీ తెలుగే. డబ్బు ఇంతవరకు వెనక్కి రాలేదు. అది పోయినా బాధ లేదు (ఉంది, కానీ అది వేరే లెక్క). ఆ మాట మాత్రం మింగుడుపడలేదు.

కానీ కొరియర్ వచ్చే ముందు రాత్రి ఆ తొమ్మిదింటినీ పెట్టెల్లో పెట్టింది నేనే. ఎవరు చూస్తారులే అనుకున్నాను. పండుగ మర్నాడు ఒక తాతగారు ఫోన్ చేశారు. “అమ్మా, సిద్ధం నమః అని దిద్దించిన రోజునే మా మనవరాలి ఒత్తు ఎగిరిపోయిందేమమ్మా?” అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది.

ఇంగ్లీషు అక్షరాల అచ్చులు బజారులో చవకగా దొరుకుతాయి కదా, అవే పోయండి అని మీలో నలుగురైదుగురు సలహా ఇచ్చారు. పోయను. అవి కావాలంటే చాలామంది దగ్గర దొరుకుతాయి, నా దగ్గరకు రానక్కరలేదు. మాట కటువుగా ఉంటే మన్నించండి.

గీతను మందం చేద్దామని చూశాను. అప్పుడు ‘థ’ పొట్టలో చుక్క పూడిపోయి ‘ధ’ అయిపోతోంది. గుండ్రని బిళ్ల మీద అక్షరాన్ని ఉబ్బెత్తుగా పోద్దామా అని మూడు వారాలు ఆలోచించాను. అలా చేస్తే విరగదు, కానీ బిడ్డ కాగితం మీద నాలుగు గీతలు రుద్దేసరికి ముందు అరిగేది అక్షరమే. చివరికి తిరగేశాను. ఇకపై బిళ్లలో అక్షరం గుంటగా ఉంటుంది. అరచేతిలో పట్టుకుని అంచుతో రంగు వేయవచ్చు, ఆ గుంటలో వేలితో దిద్దవచ్చు, పళ్లెంలో బియ్యం మీద దిద్దినట్టు. అక్షరం కత్తిరించినట్టు విడిగా ఉంటేనే అందమని మా ఆడపడుచు ఇప్పటికీ అంటోంది. నిజమే, అందం కొంత తగ్గింది.

ఈసారి అచ్చులు నేనే చేస్తున్నాను. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బిళ్లపై అక్షరం చెక్కి, వేజలిన్ పూసి, సిలికాన్ పోసి, రాత్రంతా వదిలేస్తాను. రోజుకు రెండు మూడు కంటే కావు. కాబట్టి కొత్త ఆర్డర్లు నెమ్మదిగానే తీసుకుంటాను. పెట్టెకు 20 రూపాయలు పెరుగుతుంది. ఆ 9 ఇళ్లకు కొత్త అక్షరాలు నా ఖర్చుతోనే వస్తాయి, పాతవి తిప్పి పంపనక్కరలేదు.

కరిగించేటప్పుడు రంగు పొడి అడుగుకు దిగుతుంది. పోసేముందు ఎంత కలిపినా బిళ్ల వీపు కాస్త పాలిపోయి కనిపిస్తుంది, అది లోపం కాదు. మూడేళ్లలోపు పిల్లలకు చిన్న చేపలు, చిలకలు ఇవ్వకండి, నోట్లో పెట్టుకుంటారు. ముక్కలు పంపేవారు ఆయిల్ పేస్టెల్స్, ప్లాస్టిక్ క్రేయాన్లు కలపకండి. మొదటివి గట్టిపడవు, రెండోవి మైనంతో కలవవు. కిందటి నెల ఒక గిన్నె ఎర్ర రంగు మొత్తం అలాగే పాడైంది.

ఒత్తక్షరాల్లో ‘ఝ’ ఇంకా కుదరలేదు, ఆ పేరున్నవారు కొంచెం ఓపిక పట్టాలి. తాతగారి మనవరాలికి ‘ధ’ సోమవారం పంపాను, నీలం రంగుది. ఇంకా ఫోన్ రాలేదు.