నా చేతికి తాళంచెవి వచ్చి ఏడాదైన సందర్భంగా కృతజ్ఞతలు

ఈ నెలతో నేనూ నా కూతురూ అద్దె గదిలోకి వచ్చి ఏడాది నిండింది. ఇక్కడి దాకా చేర్చిన వారికి అందరి ఎదుటా నమస్కరించే ధైర్యం నాకు ఇప్పటికి వచ్చింది.

పెళ్ళయిన 9 ఏళ్ళలో దెబ్బలు తిని కన్నవారింటికి వచ్చిన ప్రతిసారీ పెద్దలు నచ్చజెప్పి మళ్ళీ అక్కడే దిగబెట్టారు. నిద్ర పట్టక, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడే నన్ను చూసి అత్తవారు పిచ్చిదని ఊరంతా చెప్పి, చివరకు ఆ పేరు పెట్టే ఒక రాత్రి బిడ్డతో సహా బయటికి నెట్టి గడియ వేసుకున్నారు. దెబ్బల వల్ల వచ్చిన జబ్బే నన్ను వెళ్ళగొట్టడానికి వారికి సాకు అయింది.

మొదటి నమస్కారం శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర పళ్ళు అమ్ముకునే అమ్మకు. మేము అక్కడ గడిపిన రెండో రాత్రి ఆమె దగ్గరికి వచ్చి, "ఏటమ్మా, బస్సులన్నీ ఎల్లిపోనాయి, నువ్వెక్కవేటి?" అని అడిగింది. నా చేత మహిళల సహాయవాణి 181కి ఫోను చేయించి, హింసకు గురైన ఆడవారిని ఆదుకునే ప్రభుత్వ సఖి కేంద్రానికి మమ్మల్ని తీసుకువెళ్ళే వరకు పక్కనే కూర్చుంది. ఆ కేంద్రంలో ఉండనిచ్చేది 5 రోజులే కనుక, ఆ తరువాత మాకు మహిళల వసతిగృహంలో చోటు వెతికిపెట్టిన కౌన్సెలర్ గారి మేలు మరువలేను.

మానసిక వైద్యురాలి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అంతకుముందు వేరొక ఆసుపత్రిలో, ఒంటి మీద కమిలిన మచ్చల గురించి అడగకుండానే నిద్రమాత్రలు రాసిచ్చారు. బస్టాండులో ఆడపిల్లను ఒడిలో పెట్టుకున్న తల్లి మత్తుగా నిద్రపోతే ఎలాగని వాటిని నేను పారేశాను. ఈ డాక్టరమ్మ మాత్రం అన్నిటికంటే ముందు, "రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటున్నావమ్మా?" అని అడిగారు. గడియ ఉన్న తలుపు దొరికిన తరువాతే మందులు నాకు పనిచేశాయి. అర్ధరాత్రి భయం కమ్ముకున్నప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ (14416)లో ఓపికగా తెలుగులో మాట్లాడినవారికి కూడా ఈ కోలుకోవడంలో భాగముంది.

ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవారికి ఉచిత న్యాయసహాయం అందుతుందని నాకు తెలియదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఏర్పాటు చేసిన న్యాయవాది గారు, ఇల్లు ఎవరి పేరున ఉన్నా కాపురమున్న ఇంట్లో నివసించే హక్కును 2005 నాటి గృహహింస చట్టం భార్యకు ఇస్తోందని, తిరిగి అక్కడికి వెళ్ళలేని పక్షంలో వేరే వసతికి అద్దె కోరవచ్చని వివరించి, ఆ మేరకు ఉత్తర్వులు తెచ్చారు. విచారణను 60 రోజుల్లో ముగించేందుకు ప్రయత్నించాలని చట్టం చెబుతున్నా నా విషయంలో ఎక్కువ కాలమే పట్టింది. ఆ జాప్యంలో ఆయన ఒక్క వాయిదాకూ రాకుండా ఉండలేదు.

మగదిక్కు ఎవరని అడిగి అద్దెకు ఇవ్వని ఇళ్ళు నాలుగైదు తిరిగాక, ఆ ప్రశ్న అడగకుండానే తాళంచెవి చేతిలో పెట్టిన మా ఇంటి యజమానురాలు పిన్ని గారికి నేనూ నా బిడ్డా రుణపడి ఉన్నాము.

పళ్ళ అమ్మకు చదవడం రాదు. ఈ ఆదివారం కాంప్లెక్సుకు వెళ్ళి, ఆమె పక్కన కూర్చుని ఇదంతా చదివి వినిపిస్తాను.